కృత్రిమ ఎండ - చర్మ క్యాన్సర్
(బై.పి.సి. ద్వితీయ సంవత్సరం విద్యార్థినులు)



కిందటేడు మన హాస్టల్ వార్షికోత్సవానికి ఒక పూర్వ విద్యార్థిని వచ్చింది. ఆరో తరగతి నుంచి ఇక్కడే చదువుకుని, నర్సింగ్ చేసి, ఇప్పుడు ఇంగ్లండులో ఒక ఆసుపత్రిలో పనిచేస్తున్న అక్క ఆమె. సభ అయిపోయాక మేమంతా అక్క చుట్టూ చేరాం. అక్కడ చలి ఎంత ఉంటుంది, మన బియ్యం దొరుకుతాయా, జీతం ఎంత, ఇలా అడిగిన ప్రశ్నలకు లెక్కలేదు. మాలో ఒకమ్మాయి మాత్రం, "అక్కా, అక్కడ నిన్ను నల్లగా ఉన్నావని ఎవరైనా అంటారా?" అని అడిగేసింది.

అక్క నవ్వింది. "మా ఆసుపత్రి దగ్గర ఒక షాపుంది. తెల్లవాళ్లు అక్కడ డబ్బులిచ్చి, ఒక పెట్టెలో పడుకుని, కొంచెం నల్లబడి బయటికొస్తారు" అంది. మేము పడీపడీ నవ్వాం. మనకు ఊరికే వచ్చిన రంగుకు వాళ్లు డబ్బులు కడుతున్నారా అని! అక్క మాత్రం నవ్వు ఆపి, "నవ్వకండే. ఆ పెట్టెలో పడుకున్నవాళ్లలో కొందరు తర్వాత మా వార్డుకే వస్తారు" అంది.

ఆ మాట మా మనసులో ఉండిపోయింది. మా జువాలజీ మేడమ్‌ను అడిగి, పుస్తకాలు తిరగేసి, అక్కకు ఫోన్ చేసి తెలుసుకున్న విషయాలే ఈ వ్యాసం.

ఆ పెట్టెలో ఏముంటుంది?

మన ట్రంకు పెట్టెను మనిషి పట్టేంత పెద్దది చేసి, అడుగునా మూతకూ వరుసగా ట్యూబ్‌లైట్లు బిగించినట్టు ఊహించుకోండి. దానినే టానింగ్ బెడ్, సన్‌బెడ్ అంటారు. ఆస్ట్రేలియాలో ఇవి ఉండే షాపును సోలారియం అనేవారు. బట్టలు తీసి, కళ్లకు ప్రత్యేకమైన అద్దాలు పెట్టుకుని, ఆ పెట్టెలో పడుకుని మూత వేసుకుంటారు. పది ఇరవై నిమిషాల తర్వాత లేస్తారు. కొన్నాళ్లపాటు ఇలా వెళితే తెల్లని చర్మం గోధుమ రంగుకు తిరుగుతుంది.

ఆ ట్యూబ్‌లకూ మన స్టడీ హాలు ట్యూబ్‌లైట్లకూ దగ్గరి చుట్టరికం ఉంది. మామూలు ట్యూబ్‌లైటు లోపల కొద్దిగా పాదరసపు ఆవిరి ఉంటుంది. కరెంటు పోయినప్పుడు (మన హాస్టల్లో ఇది తరచుగా జరిగేదే) ఆరిన ట్యూబ్‌ను గమనించండి. గాజు లోపలి గోడకు తెల్లని పొడి పూత కనిపిస్తుంది. కరెంటు వచ్చినప్పుడు పాదరసపు ఆవిరి ముఖ్యంగా అతినీలలోహిత కిరణాలను విడుదల చేస్తుంది. ఆ తెల్లని పూత వాటిని పీల్చుకుని మామూలు వెలుతురుగా మారుస్తుంది. మిగిలిన వాటిని గాజు ఆపుతుంది. కాబట్టి ట్యూబ్‌లైటు కింద చదువుకోవడానికి ఎవరూ భయపడనక్కర్లేదు. టానింగ్ ట్యూబ్‌లో ఆ పూత వేరు. అది కిరణాలను వెలుతురుగా మార్చదు, మరో రకం అతినీలలోహిత కిరణాలుగా మార్చి బయటికి వదులుతుంది. ఇక పూత ఏమీ లేకుండా, ఆ కిరణాలను పోనిచ్చే ప్రత్యేక గాజుతో చేస్తే సూక్ష్మజీవులను చంపే దీపం అవుతుంది. కొన్ని నీళ్ల ఫిల్టర్లలో ఉండేది అదే. ఒకే సూత్రం మీద మూడు దీపాలు!

కంటికి కనిపించని కిరణాలు

1801లో జర్మనీ శాస్త్రవేత్త యోహాన్ విల్‌హెల్మ్ రిట్టర్ సూర్యకాంతిని గాజు పట్టకంతో ఏడు రంగులుగా విడగొట్టి, వెలుతురు తగిలితే నల్లబడే సిల్వర్ క్లోరైడ్‌ను ఒక్కొక్క రంగు దగ్గర ఉంచి చూశాడు. ఊదా రంగు అయిపోయిన తర్వాత, కంటికి ఏమీ కనిపించని చోట అది అన్నిటికన్నా త్వరగా నల్లబడింది. అతినీలలోహిత కిరణాల సంగతి అలా బయటపడింది.

వీటిని తరంగదైర్ఘ్యాన్ని బట్టి మూడుగా విభజిస్తారు. యు.వి.ఎ. 315 నుంచి 400 నానోమీటర్లు, యు.వి.బి. 280 నుంచి 315, యు.వి.సి. 100 నుంచి 280. సూర్యుడి నుంచి వచ్చే యు.వి.సి. మొత్తాన్నీ, యు.వి.బి.లో చాలా భాగాన్నీ వాతావరణంలోని ఓజోన్ అడ్డుకుంటుంది. యు.వి.ఎ. చాలావరకు మన దాకా వస్తుంది. అది బాహ్యచర్మాన్ని దాటి అంతశ్చర్మం లోపలికి కూడా వెళ్లగలదు. టానింగ్ బెడ్‌లలో ఎక్కువగా వెలువడేది ఈ యు.వి.ఎ., దానితోపాటు కొంత యు.వి.బి. శక్తివంతమైన యంత్రాల్లో యు.వి.ఎ. తీవ్రత మధ్యధరా సముద్ర తీరంలోని మిట్టమధ్యాహ్నపు ఎండకు పది పదిహేను రెట్లు కూడా ఉండవచ్చని శాస్త్రవేత్తలు కొలిచి చెప్పారు. అంత ఎండ ఈ భూమి మీద ఎక్కడా కాయదు.

చర్మం ఎందుకు రంగు తిరుగుతుంది?

అసలు విషయం ఇక్కడే ఉంది. పరీక్షల్లో రాదని ఈ భాగం వదిలేయవద్దని మనవి.

బాహ్యచర్మం అడుగున మెలనోసైట్లు అనే కణాలుంటాయి. మెలనిన్ అనే రంగు పదార్థాన్ని తయారుచేసేవి ఇవే. నల్లవారిలోనూ తెల్లవారిలోనూ ఈ కణాల సంఖ్య దాదాపు సమానమే! తేడా అంతా అవి తయారుచేసే మెలనిన్ రకంలో, పరిమాణంలో, దాన్ని సర్దే తీరులో ఉంది. మెలనోసైట్ తాను చేసిన మెలనిన్ రేణువులను చుట్టుపక్కల కణాలకు పంచుతుంది. ఆ కణాలు వాటిని తమ కేంద్రకం మీద గొడుగులా కప్పుకుంటాయి. కేంద్రకంలో డి.ఎన్.ఎ. ఉంటుంది కదా, గొడుగు దాని కోసమే.

డి.ఎన్.ఎ. నిచ్చెనలో ఎ, టి, జి, సి అనే నాలుగు అక్షరాలుంటాయని మనకు తెలుసు. పక్కపక్కనే రెండు టి అక్షరాలు, అనగా థైమిన్లు, ఉన్న చోట అతినీలలోహిత కిరణం తగిలితే ఆ రెండూ ఒకదానికొకటి అతుక్కుపోతాయి. అవతలి వరసతో కలవవలసినవి పక్కదానితో కలిసిపోయి నిచ్చెన అక్కడ వంకర తిరుగుతుంది. ఇది యు.వి.బి. నేరుగా చేసే పని. యు.వి.ఎ. ఎక్కువగా దొడ్డిదారిన వస్తుంది. కణంలో చురుకైన ఆక్సిజన్ రూపాలను పుట్టించి వాటి చేత డి.ఎన్.ఎ.ను దెబ్బతీయిస్తుంది.

దెబ్బ తగిలిన కణాలు మెలనోసైట్లకు కబురు పంపుతాయి. అప్పుడు మెలనోసైట్లు మరింత మెలనిన్ చేస్తాయి. అదే టాన్. కనుక టాన్ అంటే అందం కోసం చర్మం వేసుకున్న రంగు కాదు. ముందు గాయం, తర్వాత రంగు. డబ్బు తీసుకుని ఆ రంగు తెప్పించే షాపు నిజానికి అమ్ముతున్నది ఆ గాయాన్నే. మేము నవ్విన నవ్వుకు సిగ్గుపడింది ఈ సంగతి అర్థమైనప్పుడే.

చాలా గాయాలను మన కణాలే బాగుచేసుకుంటాయి. అతుక్కుపోయిన ముక్కను కత్తిరించి తీసేసి, ఎదుటి వరసను చూసి సరైన అక్షరాలు పేర్చే ఎంజైములున్నాయి. ఈ మరమ్మతు ఎలా జరుగుతుందో వివరించిన టర్కీ దేశస్థుడు అజీజ్ శాంజార్‌కు మరో ఇద్దరితో కలిపి 2015లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. ఈ మరమ్మతు శక్తి పుట్టుకతోనే లోపించిన పిల్లలు కొందరుంటారు. ఆ జబ్బును జిరోడెర్మా పిగ్మెంటోజమ్ అంటారు. కాసేపటి ఎండ కూడా వాళ్లకు ప్రమాదమే, చిన్న వయసులోనే చర్మ క్యాన్సర్లు వస్తాయి. మనందరం రోజూ ఎండలో తిరిగి క్షేమంగా ఇంటికి వస్తున్నామంటే ఆ ఎంజైముల చలవే. అయితే మరమ్మతు కాకుండా మిగిలిపోయిన తప్పులు ఉత్పరివర్తనాలవుతాయి. కణ విభజనను అదుపుచేసే జన్యువుల్లో అవి ఒకదాని మీద ఒకటి పేరుకుంటే, ఏళ్ల తర్వాత క్యాన్సర్ మొదలవుతుంది.

చర్మ క్యాన్సర్లలో ముఖ్యమైనవి మూడు. బేసల్ సెల్, స్క్వేమస్ సెల్ అనే రెండూ ఎక్కువగా కనిపిస్తాయి, సాధారణంగా కోసి తీసేస్తే నయమవుతాయి. మూడోది మెలనోమా, మెలనోసైట్లలోనే పుట్టేది. ఇది తక్కువమందికి వస్తుంది కానీ ఆలస్యమైతే ఇతర అవయవాలకు పాకి ప్రాణం తీస్తుంది.

ఈ మోజు ఎక్కడిది?

ఒకప్పుడు ఐరోపాలో కూడా తెల్లగా పాలిపోయి ఉండటమే గొప్ప. ఎండలో రంగు మారినవాళ్లంటే పొలంలో పనిచేసే కూలివాళ్లని అర్థం. ఫ్యాక్టరీలు వచ్చాక కూలివాళ్లు నీడలోకి వెళ్లారు. ఎండలో కూర్చునే తీరిక డబ్బున్నవాళ్లకే మిగిలింది. అప్పుడు కమిలిన రంగు గొప్పదైపోయింది! మా అమ్మానాన్నలు కూలి పనికి వెళ్లి ఎండలో నల్లబడినవాళ్లే. ఈ పేరా రాసేటప్పుడు మాలో ఎవరూ చాలాసేపు మాట్లాడలేదు.

దానికి వైద్యం కూడా తోడైంది. డెన్మార్క్ వైద్యుడు నీల్స్ ఫిన్‌సెన్ దీపకాంతితో చర్మానికి వచ్చే క్షయను నయం చేసి 1903లో నోబెల్ బహుమతి పొందాడు. 1919లో బెర్లిన్‌లో పిల్లల రికెట్స్ జబ్బుకు అతినీలలోహిత దీపాలు పనిచేస్తాయని తేలింది. దీపం ఆరోగ్యాన్నిస్తుందన్న నమ్మకం జనంలో పాతుకుపోయింది. 1970లలో జర్మనీకి చెందిన ఫ్రీడ్రిక్ వోల్ఫ్ టానింగ్ బెడ్‌లను వ్యాపారంగా మార్చాడు. ఆ దశాబ్దం చివరికి అవి అమెరికా చేరాయి. జబ్బును నయం చేసే దీపం అలా షాపులోకి వచ్చింది, మోతాదు చూసే డాక్టరు మాత్రం దానితోపాటు రాలేదు.

లెక్కలు తేలిన సంవత్సరం

ఫ్రాన్సులోని లియాన్ నగరంలో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ ఉంది. ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందినది. 2009లో ఈ సంస్థ టానింగ్ యంత్రాలను క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. పొగాకు, ఆస్బెస్టాస్ ఉన్న వర్గం అది. 30 ఏళ్లు నిండకముందే వీటిని వాడటం మొదలుపెట్టినవారిలో మెలనోమా ప్రమాదం 75 శాతం పెరుగుతున్నదని చెప్పింది. 2012లో మరిన్ని పరిశోధనలను కలిపి చేసిన లెక్కలో, 35 ఏళ్లలోపు మొదలుపెట్టినవారికి ఈ పెరుగుదల సుమారు 60 శాతమని వచ్చింది. అంకె కొంచెం తగ్గినా మాట మారలేదు.

ఇక్కడ రెండు పొరపాట్లు జరుగుతుంటాయి. మేమూ చేశాం, మేడమ్ దిద్దారు. ఒకటి, 75 శాతం అంటే వాడినవాళ్లలో నూటికి 75 మందికి క్యాన్సర్ వస్తుందని కాదు. ఉదాహరణకు వాడని వెయ్యిమందిలో 20 మందికి వస్తుందనుకుంటే, వాడిన వెయ్యిమందిలో 35 మందికి వస్తుందని అర్థం. రెండు, మొదటి వర్గం అంటే అందులోనివన్నీ ఒకే స్థాయి ప్రమాదమని కాదు. క్యాన్సర్ కలిగిస్తుందనడానికి ఋజువు గట్టిగా ఉందని మాత్రమే. సిగరెట్టుతో సమానమని కొందరు రాసేస్తుంటారు, అది సరికాదు.

చట్టాలు

ఋజువులు ఉన్నంత మాత్రాన చట్టం రాదని మాకు ఈ కథ వల్ల తెలిసింది. ఆస్ట్రేలియాలో ఎండ తీవ్రం, జనాభాలో ఎక్కువమంది ఐరోపా నుంచి వచ్చిన తెల్లవారి సంతతి. అందుచేత చర్మ క్యాన్సర్ అక్కడ, న్యూజిలాండ్‌లో ప్రపంచంలోకెల్లా ఎక్కువ. 1981 నుంచే అక్కడ చొక్కా వేసుకోండి, క్రీము రాసుకోండి, టోపీ పెట్టుకోండి అని ప్రచారం చేస్తున్నారు. అయినా సోలారియంలు నడిచాయి. మెల్‌బోర్న్‌కు చెందిన క్లేర్ ఆలివర్ అనే యువతికి మెలనోమా వచ్చింది. తాను సోలారియానికి వెళ్లిన సంగతిని పత్రికలకూ టీవీలకూ చెప్పి, మీరు వెళ్లకండని చివరి రోజుల్లో ఆమె వేడుకుంది. 2007 సెప్టెంబరులో, 26 ఏళ్ల వయసులో చనిపోయింది. ఒక మనిషికి వచ్చిన క్యాన్సర్ ఫలానా దీపం వల్లేనని ఎవరూ తేల్చి చెప్పలేరు. అయితే ఆమె మాటలు జనాన్ని కదిలించాయి. ముందు నిబంధనలు బిగించారు, చివరికి 2015 మొదలయ్యేసరికి ఎక్కువ రాష్ట్రాల్లో, 2016లో పశ్చిమ ఆస్ట్రేలియాలో సోలారియం వ్యాపారాన్నే నిషేధించారు. అంతకుముందే, 2009లో, బ్రెజిల్ అందం కోసం ఈ యంత్రాలు వాడటాన్ని దేశమంతటా నిషేధించింది. అలా చేసిన మొదటి దేశం అదే.

అక్క ఉండే ఇంగ్లండులో 2011 నుంచి 18 ఏళ్లలోపు వారిని షాపుల్లోకి రానీయకూడదు, పెద్దవాళ్లకు అడ్డులేదు. అమెరికాలో 2010లో ఈ షాపుల సేవల మీద 10 శాతం పన్ను వేశారు. కాలిఫోర్నియా రాష్ట్రం 2012 నుంచి 18 ఏళ్లలోపు వారికి నిషేధించింది. 2014లో యంత్రం మీద గట్టి హెచ్చరిక రాయాలని కేంద్ర ప్రభుత్వ సంస్థ ఆదేశించింది.

షాపులవాళ్ల వాదనలు కూడా చెప్పడం న్యాయం. విటమిన్-డి వస్తుందంటారు. చర్మంలో విటమిన్-డి తయారు కావడానికి కావలసింది యు.వి.బి., పెట్టెలో ఎక్కువ ఉండేది యు.వి.ఎ. విటమిన్-డి మాత్రల్లోనూ దొరుకుతుంది. సెలవులకు బీచ్‌కి వెళ్లేముందు కొంచెం టాన్ తెచ్చుకుంటే తర్వాత ఎండ కాల్చదంటారు. ఆ టాన్ ఇచ్చే రక్షణ చాలా స్వల్పం. యు.వి.ఎ. వల్ల వెంటనే కనిపించే రంగులో చాలా భాగం ఉన్న మెలనిన్ మారడం వల్ల వచ్చినదే, కొత్త గొడుగు కాదు.

మరి మన సంగతి?

1979లో అమెరికాలో చేసిన ఒక కొలతలో, నల్లవారి బాహ్యచర్మం సుమారు 13 ఎస్.పి.ఎఫ్. ఉన్న క్రీముతో సమానంగా యు.వి.బి.ని ఆపుతుందని, తెల్లవారిది 3కు కాస్త పైన మాత్రమేనని తేలింది. మన చర్మాలు ఈ రెంటి మధ్యలో రకరకాలుగా ఉంటాయి. మన వేసవి మధ్యాహ్నాల్లో అతినీలలోహిత సూచిక 11 దాటడం మామూలే. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో అది 'అతి తీవ్రం'. అంత ఎండలో మిరపకాయలు ఏరే, ఉపాధి పనిలో మట్టి మోసే మనవాళ్లలో మెలనోమా అరుదుగా ఉండటానికి ముఖ్య కారణం మనం ఎగతాళి చేసే ఆ నలుపే. కళ్లకు మాత్రం ఆ రక్షణ లేదు. శుక్లాలు రావడానికి ఈ కిరణాలు కూడా ఒక కారణం.

అరుదు అంటే అసలు రాదని కాదు. మనవంటి చర్మం ఉన్నవారిలో మెలనోమా ఎక్కువగా అరికాళ్లలో, అరచేతుల్లో, గోళ్ల కింద వస్తుంది. జమైకా గాయకుడు బాబ్ మార్లే 1981లో 36 ఏళ్లకే చనిపోయింది కాలి బొటనవేలి గోరు కింద మొదలైన మెలనోమాతోనే. ఈ రకానికి ఎండతో సంబంధం పెద్దగా లేదు. కానీ చెప్పులు లేకుండా తిరిగే చోట అరికాలి మచ్చను ముల్లు గుచ్చుకున్న మచ్చ అనో, దెబ్బ తగిలి గోరు నల్లబడిందనో వదిలేస్తారు. మచ్చ రెండు సగాలు ఒకేలా లేకపోయినా, అంచులు చెదిరినా, రంగులు కలగాపులగంగా ఉన్నా, పెరుగుతున్నా, గోరు మీద నల్లని గీత వెడల్పవుతున్నా డాక్టరుకు చూపించాలి.

మన దగ్గర టానింగ్ షాపులు లేకపోయినా ఆ కిరణాలున్న దీపాలున్నాయి. వెల్డింగ్ షాపులో పనిచేసే మా అన్నయ్యలకు అద్దం లేకుండా మంట చూసిన రాత్రి కళ్లలో ఇసుక పోసినట్టుంటుంది. అది కంటి పొరకు తగిలిన అతినీలలోహిత దెబ్బ. వెల్డింగ్ నుంచి వచ్చే ఈ కిరణాలను కూడా 2017లో అదే లియాన్ సంస్థ మొదటి వర్గంలో చేర్చింది. ఇక బొల్లి, సోరియాసిస్ ఉన్నవారికి చర్మవ్యాధుల విభాగంలో ఇచ్చే కాంతి చికిత్స కూడా ఇవే కిరణాలతో. అది డాక్టరు లెక్కకట్టి ఇచ్చే మోతాదు. ఈ వ్యాసం చదివి భయపడి దాన్ని ఎవరూ మానకూడదు.

మరొక్క మాట. మాలో ఒక స్నేహితురాలు తెల్లబడాలని ఊళ్లో ఒక షాపులో చీటీ లేకుండా ఇచ్చిన క్రీము మూడు నెలలు రాసింది. మొదట నిగనిగలాడింది. తర్వాత ముఖం ఎర్రబడి, మొటిమలు లేచి, బుగ్గల మీద నూగు వచ్చింది. ఎండలోకి వెళితే మంట. ప్రభుత్వాసుపత్రి డాక్టరమ్మ ట్యూబు చూసి అందులో స్టెరాయిడ్ ఉందన్నారు. రంగు వెలిసినట్టు కనిపించింది గానీ నిజానికి చర్మం పలచబడింది. కబడ్డీ ఆడితే నల్లబడతానని అంతకుముందు ఏడాదంతా గ్రౌండుకు రాని అమ్మాయి, ఆ ముఖంతో ఇంకో నాలుగు నెలలు రాలేదు. ఆమె అనుమతితోనే ఇది రాస్తున్నాం.

వ్యాసం పూర్తవుతుండగా అక్కకు ఫోన్ చేసి, ఆ షాపు ఇంకా ఉందా అని అడిగాం. ఉందట. తలుపు మీద 18 ఏళ్లలోపు వారికి ప్రవేశం లేదని బోర్డు పెట్టారట. కిందటి వారం అక్క వార్డులో పిక్క మీది మచ్చ తీయించుకున్న ఒకావిడకు కట్టు మారుస్తుంటే, ఆమె అక్క చేతిని పట్టుకుని, "నీ రంగు ఎంత బాగుందో, నేను ఇరవై ఏళ్లు దీనికోసమే డబ్బులు పోశాను" అందట. "నువ్వేమన్నావక్కా?" అని అడిగాం. "ఏమంటానే, కట్టు జాగ్రత్తగా కట్టాను" అంది.